హైస్కూలు దరఖాస్తు – గడి గడికీ ఒక చరిత్ర

జూన్ నెల వచ్చిందంటే విశాఖపట్నంలో ప్రతి ఇంట్లోనూ రెండు మాటలే వినబడతాయి. ఒకటి, వాన ఎప్పుడు పడుతుందని. రెండు, పిల్లవాడికి బడిలో సీటు దొరికిందా అని. వాన సంగతి మన చేతిలో లేదు. సీటు సంగతి మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. అయినా మనలో చాలామంది దాన్ని కూడా వాన మాదిరిగానే పైవాడి మీద వదిలేసి ఊరుకుంటారు.

అయిదో తరగతి పూర్తిచేసిన పిల్లవాణ్ణి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతిలో చేర్చాలంటే నింపవలసింది ఒకే ఒక దరఖాస్తు కాగితం. అందులో ఉండేవి కొన్ని గడులు: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, మాతృభాష, మతము, కులము, ఇంతకు ముందు చదివిన బడి. తండ్రి పనికి వెళ్లే తొందరలో ఉంటాడు. హెడ్మాస్టరు గారి బల్ల ముందు ఇంకా పదిమంది నిలబడి ఉంటారు. "మాస్టారూ, మీరే ఏదో ఒకటి రాసెయ్యండి" అని తండ్రి అంటాడు. మాస్టారు రాసేస్తారు. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ అయిదు నిమిషాల్లో పడిన అక్షరాలు ఆ బిడ్డ వెంట నలభై ఏళ్లు నడుస్తాయి. కాలేజీ సీటు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం, పాస్‌పోర్టు, చివరికి పదవీ విరమణ తేది వరకు అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడతాయి.

ఈ గడులు ఎవరో గుమాస్తా తోచినట్టు గీసినవి కావు. ఒక్కొక్క గడి వెనుక ఒక చట్టమో, ఒక తీర్పో, ఒక పోరాటమో ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తే, "ఏదో ఒకటి రాసెయ్యండి" అనే మాట మన నోట రాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

దరఖాస్తు లేని రోజులు

మన ఊళ్లో పాశ్చాత్య పద్ధతి చదువుకు నాంది 1805 లో జరిగింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు ఆ ఏడు విశాఖపట్నం వచ్చి బడి పెట్టారు. 1847 లో సెయింట్ అలోషియస్ స్కూలు వెలిసింది. 1860 లో ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూలుగా మొదలైన సంస్థే 1878 లో కాలేజీ అయి, నేడు మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీగా మనందరికీ తెలుసు. ఇవన్నీ పాతపట్నం, అంటే మన వన్‌టౌన్ చుట్టుపక్కలవే. ఒక కొండ మీద ఇషాక్ మదీనా అవులియా దర్గా, పక్క కొండ మీద చర్చి, మరో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఆ చోటనే ఈ ఊరి చదువు కూడా పుట్టింది.

ఆ రోజుల్లో ఇప్పటి మాదిరి దరఖాస్తు ఫారాల తతంగం లేదు. తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకొని వెళ్లడం, నెల జీతం కట్టడం, రిజిస్టరులో పేరు ఎక్కించడం. అంతే. (స్కూలు ఫీజును "జీతం" అనడం మన పెద్దవాళ్లకు అలవాటు.) చేర్చుకుంటే హెడ్మాస్టరు గారి దయ, కాదంటే మన ఖర్మ. అడగడానికి హక్కు అనేది ఎవరికీ లేదు.

1871 లో వైస్రాయి లార్డ్ మేయో, ముస్లిముల చదువు వెనుకబాటు గురించి అన్ని రాష్ట్రాలకూ ఒక తీర్మానం పంపాడు. ఆ కాలపు లెక్కల ప్రకారం మద్రాసు రాష్ట్ర జనాభాలో ముస్లిములు నూటికి 6 మంది. బడుల్లో చదివే వారిలో మాత్రం నూటికి 4.4. తేడా చిన్నదే అనిపిస్తుంది గాని, పై తరగతులకు వెళ్లేకొద్దీ మనవాళ్లు కనబడకుండా పోయేవారు. మద్రాసు ప్రభుత్వం అప్పట్లో చేసిన ఏర్పాట్లలో ముఖ్యమైనది సగం జీతం రాయితీ. ముస్లిం విద్యార్థి ప్రభుత్వ బడిలో సగం ఫీజు కడితే చాలు. 1882 లో సర్ విలియం హంటర్ అధ్యక్షతన ఏర్పడిన విద్యా కమిషన్ ఈ ఏర్పాట్లను పరిశీలించి, మన చదువు కోసం ప్రత్యేకంగా 17 సిఫార్సులు చేసింది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. సగం జీతం ఇవ్వాలంటే పిల్లవాడు ఎవరో రిజిస్టరులో తెలియాలి కదా! అంటే పేరుతోపాటు సముదాయం రాయడం వల్ల తండ్రి జేబులో కొంత డబ్బు మిగలడం ఆ రోజుల్లోనే మొదలయింది. గడిలో రాసే మాటకు విలువ కట్టడం అక్కడినుంచే ప్రారంభం.

రేవు పట్నం, వలస పట్నం

1927 లో హార్బరు పనులు మొదలయ్యాయి. 1933 అక్టోబరు 7 న "జలదుర్గ" అనే ఓడ మొదటిసారి రేవులోకి వచ్చింది. ఆ డిసెంబరు 19 న లార్డ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. 1941 లో సింధియా వారి షిప్‌యార్డుకు డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14 న పండిట్ నెహ్రూ "జల ఉష" ఓడను సముద్రంలోకి విడిచారు. 1957 లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. 1966 లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా విద్యార్థులు రోడ్డెక్కారు. 1971 జనవరి 20 న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి వేశారు. 1992 ఆగస్టు 1 న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నామంటే, ఈ ఊళ్లో ఉన్న కుటుంబాల్లో చాలా భాగం ఎక్కడినుంచో బతుకుతెరువుకు వచ్చినవే. డాక్ కూలీగా వచ్చినవారు, ఫిట్టర్లుగా వచ్చినవారు, నేవీలో బదిలీ మీద వచ్చినవారు, శ్రీకాకుళం నుంచి, గుంటూరు నుంచి, ఒరిస్సా నుంచి, బెంగాలు నుంచి వచ్చినవారు. పుట్టింది ఒకచోట, అయిదో క్లాసు చదివింది ఇంకోచోట, హైస్కూలు మరోచోట. కాగితాలు మూడు చోట్ల, మూడు రకాలుగా. సొంత ఊళ్లో ఉన్నవాడికి కరణం గారి మాట సాక్ష్యం. వలస వచ్చినవాడికి కాగితమే సాక్ష్యం. అందుచేత విశాఖపట్నం వాళ్లకు ఈ గడుల సంగతి తక్కిన ఊళ్లకంటె ఎక్కువగా పట్టించుకోవలసినది.

ఆ రోజుల్లో అయిదో తరగతి తరువాత "ఫస్టు ఫారం" లో చేరేవారు. ఆరో ఫారంతో ఎస్.ఎస్.ఎల్.సి. జిల్లా బోర్డు హైస్కూళ్లు, మునిసిపల్ హైస్కూళ్లు, మిషన్ హైస్కూళ్లు ఉండేవి. 1959 నవంబరులో జిల్లా పరిషత్తులు ఏర్పడి బోర్డు హైస్కూళ్లు వాటి చేతికి వచ్చాయి. నేటికీ పెద్దవాళ్లు "బోర్డు స్కూలు" అనే అంటారు.

పేరు అనే గడి

మన తెలుగుదేశంలో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. ఆ అలవాటు ప్రకారమే షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్ అనేవి మన పిల్లల పేర్లకు ముందు వచ్చి చేరాయి. బాగానే ఉంది. అయితే ఒకే ఇంట్లో అన్నకు "షేక్", తమ్ముడికి "షేఖ్", చెల్లెలికి అది అసలే లేకపోవడం ఎంతమంది ఇళ్లలో లేదు? తండ్రి పేరు పెద్దవాడి సర్టిఫికెట్లో "మొహమ్మద్", రెండోవాడి దాంట్లో "మహ్మద్", ఇంగ్లీషులో వట్టి "ఎం.డి." చుక్కలతో సహా. ఆ రెండక్షరాలు చూసి పరాయి దేశపు ఆఫీసులో కూర్చున్నవాడు వైద్యుడి పట్టా అనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఆడపిల్లల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. బడిలో చేర్చేటప్పుడు "బేగం" అని ఉంటుంది, పెళ్లయ్యాక "బీబీ" అవుతుంది, ఆధార్ కార్డులో "ఉన్నీసా" అవుతుంది. ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేయడానికి అఫిడవిట్లు, గెజిట్ ప్రకటనలు, తిరుగుళ్లు. బడి రిజిస్టరులో ఎక్కిన పేరే పదో తరగతి సర్టిఫికెట్లో ఎక్కుతుంది. కనుక ఇంట్లో పెద్దలంతా కూర్చొని, అందరి పిల్లలకూ ఒకే అక్షరక్రమం నిర్ణయించి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక కాగితం మీద రాసుకొని బడికి వెళ్లడం మంచిది. ఖర్చు లేని పని.

పుట్టిన తేది

"అబ్బాయి ఎప్పుడు పుట్టాడండీ?"

"బాంబులు పడ్డ ఏడు, మాస్టారూ. రంజాన్ నెలలో."

ఇలాంటి జవాబు ఒక కాలంలో మామూలే. బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6 న, జపాను విమానాలు రేవు మీద దాడి చేసినప్పుడు. కాబట్టి సంవత్సరం దొరికింది. రంజాన్ ఆ ఏడు ఏ ఇంగ్లీషు నెలలో వచ్చిందో ఎవరు లెక్క కడతారు? హిజ్రీ సంవత్సరం సూర్యమానం కంటె సుమారు 11 రోజులు తక్కువ. ముప్పైరెండు ముప్పైమూడేళ్లలో ఒక ఏడాది తేడా వచ్చేస్తుంది. మాస్టారు గారు జులై 1 అని వేసేవారు. మన దేశంలో జులై 1 న పుట్టినవాళ్లు ఇంతమంది ఉండడానికి కారణం ఇదే. ప్రకృతి వింత కాదు, బడులు తెరిచే రోజుల మహిమ.

మద్రాసు రాష్ట్రంలో 1911 నుంచి ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ అట్టపుస్తకంలో పిల్లవాడి మార్కులతోపాటు పుట్టిన తేది ఉండేది. ప్రభుత్వ ఉద్యోగానికి అదే ప్రమాణం. ఆ పద్ధతి పోయి ఎస్.ఎస్.సి. వచ్చినా ప్రమాణం మారలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984 లో పుట్టిన తేది నమోదు, మార్పులపై నియమాలు చేసింది. ఉద్యోగంలో చేరాక తేది మార్చుకోవడం ఇంచుమించు అసాధ్యమయింది. బడిలో ఒక ఏడాది ఎక్కువ వేస్తే ఉద్యోగంలో ఒక ఏడాది జీతం పోయినట్టే.

ఆడపిల్లకు ఈ గడి ఒక రక్షరేకు వంటిది. 1929 నాటి శారదా చట్టం పెళ్లికి కనీస వయస్సు 14 అని పెట్టింది. 1949 లో 15 అయింది, 1978 లో 18 అయింది. చట్టం ఎంత గట్టిదైనా, అమ్మాయి వయస్సు ఎంత అని అడిగినప్పుడు చూపించడానికి కాగితం కావాలి. ఆ కాగితం బడి రిజిస్టరే. బడిలో చేరని పిల్లకు వయస్సే లేదు. ఎవరు ఎంతంటే అంతే.

ఇప్పుడు ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దానికి 2023 లో సవరణ జరిగింది. 2023 అక్టోబరు 1 న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఇంకా అనేక పనులకు, జనన ధ్రువపత్రమే పుట్టిన తేదికి రుజువు. ఆస్పత్రిలో పుట్టినప్పుడు పేరు పెట్టకపోతే రిజిస్టరులో పేరు గడి ఖాళీగా ఉంటుంది. ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆపైన 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్చుకోవచ్చు. అకీకా చేసి పేరు పెట్టిన వారంలోనే మునిసిపల్ ఆఫీసుకు ఒకసారి వెళ్లి వస్తే బాధ్యత తీరిపోతుంది.

మాతృభాష

అన్ని గడుల్లోకీ మనం తేలికగా తీసుకొనేది ఇదే. నష్టపోయేది కూడా ఎక్కువగా ఇక్కడే.

1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక తీర్మానం చేసింది. ప్రాథమిక పాఠశాలలో ఒక భాష మాతృభాషగా గల పిల్లలు బడి మొత్తం మీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉంటే, ఆ భాషలో చెప్పడానికి ఒక ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి అని. 1956 లో రాజ్యాంగంలోకి 350-ఎ అధికరణం వచ్చి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించడం రాష్ట్రాల విధి అని చెప్పింది. 1959 లో దక్షిణ మండల కౌన్సిల్ హైస్కూళ్ల సంగతి తేల్చింది: పై నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది, తరగతికి 15 మంది ఉండాలి, అయితే మొదటి నాలుగేళ్లు, కొత్తగా పెట్టే తరగతిలో 15 మంది ఉన్నా చాలు. 1961 లో ముఖ్యమంత్రుల సమావేశం కూడా భాషాపరమైన అల్పసంఖ్యాకుల రక్షణలను ఒప్పుకున్నది. బడులు తెరవక ముందే ఇలాంటి పిల్లల పేర్లు నమోదు చేసుకొనే రిజిస్టర్లు పెట్టాలన్న ఏర్పాటు కూడా చేశారు.

ఇప్పుడు మన వీధిలోని బడికి రండి. ఉర్దూ ఇంట్లో మాట్లాడే పిల్లలు ఒక తరగతిలో పన్నెండు మంది ఉన్నారనుకుందాం. తొమ్మిది మంది తండ్రులు మాతృభాష గడిలో "తెలుగు" అని రాయించారు. ఎందుకయ్యా అంటే, "ఉర్దూ అని రాస్తే పిల్లవాణ్ణి ఉర్దూ మీడియంలో పడేస్తారేమోనని భయం". రిజిస్టరు లెక్కలో ముగ్గురే తేలారు. పది కావాలి. ఉపాధ్యాయుడు రాడు. తరువాత మనమే "మన పిల్లలకు ఉర్దూ చెప్పే దిక్కు లేదు" అని సభల్లో వాపోతాం.

ఈ భయానికి ఆధారం లేదు. మాతృభాష వేరు, చదివే మీడియం వేరు. ఉర్దూ మాతృభాష అని రాసి తెలుగు మీడియంలో గాని, ఇంగ్లీషు మీడియంలో గాని నిక్షేపంగా చేరవచ్చు. మాతృభాష గడి ఒక లెక్క. మీడియం గడి ఒక కోరిక. ఆ రెండూ కలగాపులగం చేయకూడదు. 2022 లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రానికి రెండవ అధికారభాషగా చట్టం చేసింది. అధికారభాష అయినంత మాత్రాన బడిలో పంతులు గారు ప్రత్యక్షం కారు. తరగతిలో పిల్లలు లెక్కకు రావాలి.

అదే సమయంలో మరో మాట. మనలో తెలుగే ఇంటి భాషగా గల కుటుంబాలు చాలా ఉన్నాయి. దూదేకుల, నూర్‌బాషా సోదరులు తరతరాలుగా తెలుగు మాట్లాడేవారే. వాళ్లు "తెలుగు" అని రాయడంలో తక్కువతనం ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి. అంతే మనం కోరేది.

కులము, మతము

మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921 లో మొదలుపెట్టి, 1927 నాటికి స్థిరపరచిన "కమ్యూనల్ జీ.వో." గురించి పెద్దవాళ్లు వినే ఉంటారు. తరువాతి కాలంలో వైద్య, ఇంజనీరింగు కాలేజీల్లో ప్రతి 14 సీట్లను ఇలా పంచేవారు: బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 1, ముస్లిములకు 1. చెంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్ 9 న సుప్రీంకోర్టు ఈ పంపకాన్ని కొట్టివేసింది. ప్రభుత్వ విద్యాసంస్థలో మతం, కులం, భాష కారణంగా మాత్రమే ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని చెప్పే 29(2) అధికరణం దానికి ఆధారం. వెంటనే అదే ఏడు రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని 15(4) చేరింది.

ఈ రెండు అధికరణాలూ కలిసి మన దరఖాస్తుకు రెండు అర్థాలు ఇచ్చాయి. మతము గడి చూసి మీ పిల్లవాణ్ణి ప్రభుత్వ బడి కాదనడానికి వీలులేదు. కులము గడి చూసి, నిజంగా వెనుకబడినవాడైతే, సాయం చేయవచ్చు.

మన రాష్ట్రంలో అనంతరామన్ కమిషన్ 1970 లో నివేదిక ఇచ్చింది. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా బి.సి.-బి లో చేరారు. మిగిలిన ముస్లిముల సంగతి చాలాకాలం అలాగే ఉండిపోయింది. 2004 లో 5 శాతం అన్నారు, కోర్టులో నిలవలేదు. 2005 లో చట్టం చేశారు, అదీ నిలవలేదు. 2007 లో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి బి.సి.-ఇ పేరిట 4 శాతంతో మరో చట్టం చేశారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2010 మార్చి 25 న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది అమలులో కొనసాగింది. ఆ జాబితాలో "షేక్" ఉన్నది. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్, ఇరానీ, బోహ్రా, ఖోజా మొదలైనవారు లేరు.

కనుక కులము గడిలో వట్టి "ముస్లిం" అని రాయించి వదిలెయ్యడం వల్ల, పదేళ్ల తరువాత కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసుకు వెళ్లినప్పుడు చిక్కు వస్తుంది. 1993 నాటి చట్టం ప్రకారం కుల ధ్రువపత్రాలు విచారణ మీద ఇస్తారు. ఆ విచారణలో మొదట తిరగేసేది బడి రికార్డే. అలాగని లాభం కోసం లేనిది రాయించడం కూడా తప్పే. అబద్ధపు ధ్రువపత్రం రద్దయితే సీటూ పోతుంది, పరువూ పోతుంది, కేసూ మీద పడుతుంది.

ఏ జిల్లా, ఏ బడి

1972–73 నాటి ఉద్యమాల తరువాత 1973 లో ఆరు సూత్రాల పథకం, దాని మీద 371-డి అధికరణం, రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. 1974 ఉత్తర్వు కాలేజీ సీట్లకు. 85 శాతం సీట్లు స్థానికులకు. 1975 ఉత్తర్వు ఉద్యోగాలకు. ఎవరు స్థానికుడు? పదో తరగతి పరీక్షతో ముగిసే నాలుగు వరుస సంవత్సరాలు ఏ ప్రాంతంలో చదివాడో, ఆ ప్రాంతంవాడు. అలా కుదరకపోతే ఏడేళ్ల లెక్క చూడాలి. అందుకే ఉద్యోగం దరఖాస్తులతో నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు జతపరచమనడం మన రాష్ట్రంలో దశాబ్దాల తరబడి నడిచిన ఆనవాయితీ.

వలస పట్నం వాళ్లకు దీని బరువు తెలియాలి. తండ్రికి ఇక్కడ ఉద్యోగం, పిల్లవాడు నానమ్మ దగ్గర మరో జిల్లాలో ఏడు, ఎనిమిది చదివాడు. తొమ్మిది, పది ఇక్కడ. అతడు ఎక్కడి స్థానికుడు? ఈ ప్రశ్న పాతికేళ్ల వయస్సులో ఉద్యోగం ముందు నిలబడినప్పుడు వస్తుంది. జిల్లాలు కూడా స్థిరంగా లేవు. 1950 లో శ్రీకాకుళం విడిపోయింది, 1979 లో విజయనగరం ఏర్పడింది, 2022 ఏప్రిల్ 4 న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. బడి అక్కడే ఉన్నా జిల్లా పేరు మారిపోయింది. కాబట్టి ప్రతి బడి వదిలేటప్పుడు టి.సి.తోపాటు స్టడీ సర్టిఫికెట్టు కూడా తీసుకొని దాచుకోవాలి. ఆ బడి రేపు మూతపడవచ్చు, రికార్డు తుఫానులో తడిసిపోవచ్చు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌ను ఈ ఊరివాళ్లకు వేరే గుర్తు చెయ్యాలా?

దయ నుంచి హక్కు వరకు

ఒక నాటి హెడ్మాస్టరు గారి దయ నేటి హక్కుగా మారడానికి చాలా కాలం పట్టింది. స్వతంత్ర భారతదేశపు తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. ఆయన మంత్రిగా ఉండగానే 1952 లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్ ఏర్పడింది. 1971 లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు; మరుసటి ఏడు కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్లి. సిఫార్సు ఉత్తరం లేకుండా, పరీక్ష రాసి, పేద పిల్లవాడు మంచి బడిలో చేరగలగడం అప్పటి తరానికి పెద్ద విషయం. 1983 లో రాష్ట్ర ప్రభుత్వం విరాళాల పేరిట సీట్లు అమ్ముకోవడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 2002 లో 86వ రాజ్యాంగ సవరణతో 6 నుంచి 14 ఏళ్ల వయస్సు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అయింది. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది.

ఆ చట్టం మాటలు మన ఇళ్లలో గోడ మీద రాసుకోదగినవి. ఎనిమిదో తరగతి వరకు ప్రవేశానికి పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టరాదు. వయస్సు రుజువు కాగితం లేదనే కారణంతో చేర్చుకోకుండా ఉండరాదు. టి.సి. రావడం ఆలస్యమయిందని ప్రభుత్వ బడి వెనక్కి పంపరాదు. గడువు దాటిందని తలుపు మూయరాదు. చదువు మధ్యలో మానేసిన పిల్లను వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిది పూర్తయ్యే వరకు ఉచితంగా చెప్పాలి. టైలరింగు షాపులో కాజాలు కుట్టే కుర్రవాడికీ, చిన్న తమ్ముళ్లను ఎత్తుకొని ఇంట్లో ఉండిపోయిన అమ్మాయికీ ఇది తెరిచిన తలుపు.

2006 నవంబరులో సచార్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. తరగతి పెరిగేకొద్దీ మన పిల్లలు తగ్గిపోతున్నారన్న మాట అందులోనూ ఉన్నది. 1871 లో చెప్పినదే 2006 లో కూడా చెప్పవలసి వచ్చిందంటే, తప్పు మొత్తం ప్రభుత్వాల మీద నెట్టి మనం చేతులు దులుపుకోలేము. బడిలో చేర్చడం ఒక ఎత్తు, పదో తరగతి దాకా నిలబెట్టడం ఇంకో ఎత్తు.

సోదర సోదరీమణులారా! మన సంఘం సభ్యులలో చదువుకున్న యువకులు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక విన్నపం. బడులు తెరిచే వారం రోజులు సాయంత్రం ఒక గంట చొప్పున మీ వీధిలో కూర్చోండి. అయిదో తరగతి పూర్తిచేసిన పిల్లలు ఎవరెవరో పేర్లు రాసుకోండి. రికార్డు షీటు ఉన్నదా, జనన పత్రం ఉన్నదా, పేరు అన్నిచోట్లా ఒకటిగా ఉన్నదా చూడండి. చదువురాని తల్లి వస్తే, "అమ్మీ, మాతృభాష గడిలో మీ ఇంట్లో మాట్లాడేదే రాయించండి" అని ఒక మాట చెప్పి పంపండి. వీలైతే వెంట వెళ్లండి. డబ్బు ఇవ్వనవసరం లేదు. ఒక కలం, ఒక గంట సమయం చాలు.

దరఖాస్తు నింపాక, హెడ్మాస్టరు గారు అడ్మిషన్ రిజిస్టరులో ఎక్కించిన వివరాలను ఒకసారి చదివి వినిపించమని మర్యాదగా అడగండి. ఏ మంచి మాస్టారూ కాదనరు. అక్షరం తప్పుంటే ఆ రోజే దిద్దించుకోవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్టు వచ్చాక దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ చెప్పులు అరగాలి.